నాణెం మీద రాత, నాణెంలో బరువు: మధ్యయుగ ఇస్లామిక్ నాణేలను మనం ఎలా చదవాలి?

అశోక్ నగర్‌లో ఉండి చదువుకునే వాళ్లలో చాలామందికి ఈ అనుభవం అయ్యే ఉంటుంది. టీ తాగి పది రూపాయల నాణెం ఇస్తే, కొట్టతను దాన్ని వేలితో వెనక్కి తోసి "ఇది నడవదన్నా, నోటియ్యి" అంటాడు. ఒకరోజు నేను అతనితో వాదనకు దిగాను. పద్నాలుగు డిజైన్ల పది రూపాయల నాణేలూ చెల్లుతాయని 2018 జనవరిలో ఆర్‌బీఐ ప్రకటించిందని చెప్పాను. లీగల్ టెండర్ అంటే ఏమిటో కూడా వివరించాను. అతను ఓపిగ్గా విని, "నువ్వు చెప్పింది కరెక్టే అన్నా. కానీ పొద్దున పాలాయన నా దగ్గర తీసుకోవాలి గదా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. నోటిచ్చి వచ్చేశాను.

కొన్ని వారాల తర్వాత 7వ శతాబ్దపు డమాస్కస్ గురించి చదువుతుంటే అతని మాట మళ్లీ గుర్తొచ్చింది. ఉమయ్యద్ వంశ స్థాపకుడు ముఆవియా (661-680) గురించి ఆ కాలపు సిరియాక్ భాషా గ్రంథం ఒకటి, మారొనైట్ క్రానికల్, ఒక చిన్న సంగతి చెబుతుంది. ఆయన బంగారు, వెండి నాణేలు ముద్రించాడట. వాటి మీద శిలువ లేదని జనం తీసుకోలేదట. సిరియా మొత్తం ఆయన చేతిలో ఉంది. సైన్యం ఉంది, ఖజానా ఉంది. అయినా బజారు ఆ నాణేన్ని వేలితో వెనక్కి తోసేసింది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నాణెం మీద ఉండే రాత ప్రభుత్వం చేసే ఒక వాగ్దానం. నాణెంలో ఉండే బరువు, స్వచ్ఛత, దాన్ని తిరిగి ఖజానా తీసుకుంటుందన్న హామీ, ఇవి ఆ వాగ్దానానికి పూచీ. మధ్యయుగ ఇస్లామిక్ ప్రపంచపు నాణేల చరిత్ర అంతా ఈ రెండింటి మధ్య సంబంధమే. మనం మాత్రం రాతనే బట్టీ పట్టి, బరువును వదిలేస్తున్నాం.

మన నోట్స్‌లో ఏముంటుంది?

మీ నోట్‌బుక్ ఒకసారి తెరిచి చూడండి. నాదైతే ఇలా ఉంది: "ఇల్తుత్‌మిష్ – వెండి టంకా, జీతల్. మహమ్మద్ బిన్ తుగ్లక్ – టోకెన్ కరెన్సీ – విఫలం. షేర్ షా – రూపాయి." ప్రిలిమ్స్‌కి ఇది సరిపోతుంది, కాదనను. మెయిన్స్‌లో మాత్రం ఇది రెండు తప్పుల్లో ఒకదానికి దారి తీస్తుంది.

ఒకటి, నాణేన్ని మత విస్తరణకు గుర్తుగా మాత్రమే చదవడం. నాణెం మీద కలిమా కనిపిస్తే "ఇస్లామీకరణ", లక్ష్మి కనిపిస్తే "సామరస్యం" అని రాసేస్తాం. రెండు, విఫలమైన ప్రయోగాన్ని పాలకుడి పిచ్చితనంగా తేల్చేయడం. కిందటేడు ఒక టెస్ట్ సిరీస్‌లో తుగ్లక్ నాణేల మీద నేను సరిగ్గా అలాగే రాశాను. పదికి మూడు వచ్చాయి. పక్కన ఎర్ర ఇంకుతో ఒకే ప్రశ్న: "అయితే జనం ఎందుకు నమ్మలేదు?" ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ వెనక్కి వెళ్లగా వెళ్లగా అరేబియా దాకా వెళ్లాను.

అగ్నివేదిక మీద బిస్మిల్లా

అరబ్ సైన్యాలు 630లు, 640లలో బైజాంటిన్ సామ్రాజ్యం నుంచి సిరియా, ఈజిప్టులను, ససానియన్ల నుంచి ఇరాక్, ఇరాన్‌లను గెలుచుకున్నాయి. ఆ రెండు ప్రాంతాల డబ్బు వేరు. బైజాంటిన్ వైపు సుమారు 4.5 గ్రాముల బంగారు సాలిడస్, కింద రాగి నాణేలు. ససానియన్ వైపు సుమారు 4 గ్రాముల వెండి డ్రాఖ్మా.

కొత్త పాలకులు వచ్చీరాగానే తమ ముద్ర వేశారని మనం అనుకుంటాం. అలా జరగలేదు. ఇరాన్ ప్రాంతంలో ముస్లిం గవర్నర్లు ముద్రించిన వెండి నాణేల మీద ఒక పక్క ససానియన్ చక్రవర్తి ఖుస్రో II బొమ్మ, రెండో పక్క జొరాస్ట్రియన్ల అగ్నివేదిక, దాని పక్కన ఇద్దరు సేవకులు అలాగే ఉండేవి. గవర్నర్ పేరు కూడా పహ్లవీ లిపిలోనే. అంచున మాత్రం చిన్నగా అరబ్బీలో "బిస్మిల్లా". సిరియా వైపు రాగి నాణేల మీద బైజాంటిన్ చక్రవర్తి, శిలువ కొనసాగాయి. ఈ తరహా నాణేలను చరిత్రకారులు అరబ్-ససానియన్, అరబ్-బైజాంటిన్ నాణేలు అంటారు. ప్రిలిమ్స్ కోసం కాకపోయినా ఈ పేర్లు గుర్తు పెట్టుకోండి.

దాదాపు అరవై ఏళ్లు ఇలా నడిచింది. కారణం ఉదారత అనో, అలసత్వం అనో అనుకోనక్కర్లేదు. పన్ను వసూలు కావాలి, సైనికులకు జీతం ఇవ్వాలి, ఆ సైనికుడు బజారుకెళ్తే రొట్టె దొరకాలి. రొట్టె అమ్మేవాడికి తెలిసిన బొమ్మ ఖుస్రోది.

నాణేల పేర్లు కూడా ఇదే కథ చెబుతాయి. దీనార్ అనే మాట లాటిన్ "డెనారియస్" నుంచి, దిర్హం గ్రీకు "డ్రాఖ్మే" నుంచి, రాగి నాణెం ఫల్స్ లాటిన్ "ఫాలిస్" నుంచి వచ్చాయి. ఇక్కడ ఒక జాగ్రత్త. గుప్తుల "దీనార" అరబ్బుల నుంచి రాలేదు. గుప్తులు అంతకు ముందే రోమన్ మాటను తీసుకున్నారు. గుప్తుల దీనార, ఉమయ్యద్‌ల దీనార్ ఒకే రోమన్ తల్లికి పుట్టిన అక్కాచెల్లెళ్లు. 15వ శతాబ్దంలో ప్రౌఢదేవరాయల సభలో శ్రీనాథుడికి దీనార టంకాలతో కనకాభిషేకం జరిగిందని మనం చిన్నప్పుడు చదువుకున్నాం. రోమ్‌లో పుట్టిన మాట విజయనగరం దాకా వచ్చిందన్న సంగతి మాత్రం అప్పుడు మనకెవరూ చెప్పలేదు.

అబ్దుల్ మలిక్ ఏం మార్చాడు?

ముఆవియా వల్ల కానిది అబ్దుల్ మలిక్ (685-705) వల్ల ఎలా అయింది? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే.

ఆయన అధికారంలోకి వచ్చేసరికి అంతర్యుద్ధం నడుస్తోంది. మక్కాలో ఇబ్న్ అల్-జుబైర్ తానే ఖలీఫా అన్నాడు. 692లో అతను హతమయ్యాక గానీ రాజ్యం ఒక చేతికి రాలేదు. ఆ దశాబ్దంలో మూడు పనులు వరుసగా జరిగాయి. జెరూసలేంలో డోమ్ ఆఫ్ ది రాక్ నిర్మాణం, ప్రభుత్వ లెక్కలను గ్రీకు, పహ్లవీల నుంచి అరబ్బీలోకి మార్చడం, నాణేల సంస్కరణ. ఈ మూడింటినీ కలిపి చదివితేనే నాణెం అర్థమవుతుంది. ఇది ఒక కొత్త రాజ్యం తన భాషలో తానే మాట్లాడటం మొదలుపెట్టిన దశ.

మొదట్లో ఆయన కూడా బొమ్మతోనే ప్రయత్నించాడు. కత్తి పట్టుకుని నిలబడిన ఖలీఫా బొమ్మతో దీనార్లు కొద్ది సంవత్సరాలు వచ్చాయి. హిజ్రీ 77లో, అంటే 696-97లో, బొమ్మ పూర్తిగా పోయింది. రెండు వైపులా అరబ్బీ రాత మాత్రమే మిగిలింది: దేవుడు ఒక్కడే అన్న ప్రకటన, ఖురాన్ వాక్యాలు, ముద్రించిన సంవత్సరం. ఒకటి రెండేళ్లలో వెండి దిర్హం కూడా అదే దారి పట్టింది. దిర్హం మీద టంకశాల ఉన్న ఊరి పేరు కూడా ఉంటుంది. అందుకే అవి చరిత్రకారులకు ఇంత విలువైన ఆధారాలు.

ఇంతవరకు రాత. ఇప్పుడు బరువు చూడండి. దీనార్ 4.25 గ్రాములు. దిర్హం బరువు దానిలో పదింట ఏడు వంతులు, అంటే పది దిర్హంలు ఏడు దీనార్ల బరువు తూగాలి. లెక్క వేస్తే 2.975 గ్రాములు. ఉన్న నాణేలను తూచి చూసినా దానికి దగ్గరగానే ఉంటాయి. బంగారపు ప్రాంతాన్ని, వెండి ప్రాంతాన్ని ఒకే తూకపు నిష్పత్తిలో కట్టిపడేసిన లెక్క ఇది. సంస్కరణకు ముందరి మధ్యంతర దీనార్లు ఇప్పుడు చాలా అరుదుగా దొరుకుతాయి. వాటిని కరిగించి కొత్తవి ముద్రించడమే ఇందుకు కారణమని భావిస్తారు.

నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. మెట్రాలజీ ల్యాబ్‌లో స్లిప్ గేజ్‌లు అని ఉండేవి. మిగతా కొలత పరికరాలు సరిగ్గా ఉన్నాయో లేదో వాటితో సరిచూస్తాం. 8వ శతాబ్దపు ఈజిప్టులో సరిగ్గా అలాంటి పనిముట్టే ఉండేది: గాజు తూనికరాళ్లు. నాణెం బరువు సరిచూడటానికి, అధికారి పేరుతో ముద్ర వేసి ఇచ్చిన చిన్న గాజు బిళ్లలు. గాజే ఎందుకు? లోహపు తూనికరాయిని కాస్త గీకినా కంటికి కనిపించదు. గాజు చివర విరిగితే వెంటనే తెలిసిపోతుంది. దీనార్ మీద ఎంత గొప్ప మాట రాసినా, దాన్ని గాజుబిళ్లతో తూచి చూసుకునే వీలు మామూలు వర్తకుడికి దొరికింది. ముఆవియా నాణేనికి, అబ్దుల్ మలిక్ నాణేనికి తేడా శిలువ ఒక్కటే కాదు, ఈ మొత్తం ఏర్పాటు అని నా అభిప్రాయం.

ఎవరు నమ్మారో చూడండి

ఆ ఏర్పాటు ఎంత బాగా పనిచేసిందో తెలియాలంటే, ఆ నాణేలను నమ్మిన వాళ్లెవరో చూడాలి.

ఇంగ్లండ్‌లోని మెర్షియా రాజు ఆఫా (757-796) ఒక బంగారు నాణెం ముద్రించాడు. అది అబ్బాసిద్ ఖలీఫా అల్-మన్సూర్ కాలంలో హిజ్రీ 157లో (773-74) వచ్చిన దీనార్‌కు నకలు. కలిమాతో సహా అరబ్బీ రాత అలాగే ఉంది. మధ్యలో లాటిన్‌లో "ఆఫా రెక్స్", అంటే రాజు ఆఫా, అని ఉంది. లాటిన్ నిటారుగా ఉండేలా పట్టుకుంటే అరబ్బీ తలకిందులవుతుంది. అచ్చు చెక్కినవాడికి అరబ్బీ రాదని స్పష్టం. ఇప్పుడు ఆ నాణెం బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఆఫా క్రైస్తవుడు. అతను నకలు చేసింది మతాన్ని కాదు, నాణెం మీద ఉన్న నమ్మకాన్ని.

స్వీడన్‌లోని గోట్లాండ్ దీవిలో 1999లో స్పిల్లింగ్స్ నిధి బయటపడింది. మొత్తం వెండి 67 కిలోలు, అందులో 14 వేలకు పైగా నాణేలు, అత్యధికం ఇస్లామిక్ దిర్హంలు. ఆ దీవిలో వాటి మీది రాత చదవగలిగిన వాళ్లు ఎవరూ ఉండి ఉండరు. వాళ్లకు అది తూకానికి సరిపడే మంచి వెండి. అదే నిధిలో ఖజార్ల రాజ్యపు దిర్హం ఒకటి దొరికింది. దాని మీద ముహమ్మద్ పేరు ఉండాల్సిన చోట "మూసా దేవుని దూత" అని ఉంది. ఖజార్ పాలకులు యూదు మతం తీసుకున్నారన్న విషయానికి ఇది ముఖ్యమైన ఆధారం.

స్పెయిన్‌లో కాస్టీల్ రాజు ఆల్ఫాన్సో VIII 1170లలో అల్మొరావిద్ దీనార్‌ను అనుకరిస్తూ అరబ్బీలోనే బంగారు నాణేలు ముద్రించాడు. రాతలో మాత్రం పోప్‌ను క్రైస్తవ చర్చికి ఇమామ్ అన్నాడు. స్పానిష్ నాణెం "మరవేది" పేరు అల్-మురాబితూన్ నుంచే వచ్చింది.

మన వైపు కూడా ఇదే తీరు. గజనీ మహమూద్ 1027-28లో మహమూద్‌పూర్ (లాహోర్) టంకశాలలో ముద్రించిన వెండి నాణేల మీద ఒక పక్క అరబ్బీలో కలిమా, రెండో పక్క దాని సంస్కృత అనువాదం ఉన్నాయి. అందులో ప్రవక్తకు వాడిన మాట "అవతార". ఘోరీ మహమ్మద్ బంగారు నాణేల మీద ఒక పక్క కూర్చున్న లక్ష్మి, రెండో పక్క నాగరి లిపిలో అతని పేరు. ఈ ఇద్దరినీ పరమత సహనానికి ఉదాహరణలుగా చూపితే ఎగ్జామినర్ నవ్వుకుంటాడు. గెలిచిన చోట బజారు దేన్ని నమ్ముతోందో దానితోనే మొదలుపెట్టాలన్న సంగతి వాళ్లకు తెలుసు. ఖుస్రో బొమ్మను ఉంచిన తొలి గవర్నర్లకు తెలిసినట్టే.

క్రూసేడర్ల కథ ఇంకో సంగతి నేర్పుతుంది. పాలస్తీనా తీరంలో వాళ్లు ముస్లింలతో యుద్ధం చేస్తూనే ఫాతిమిద్ దీనార్లకు నకళ్లు ముద్రించారు. 1250 ప్రాంతంలో పోప్ ప్రతినిధి వచ్చి, క్రైస్తవులు ప్రవక్త పేరుతో నాణేలు వేయడమేమిటని అభ్యంతరం చెప్పాడు. 1251 నుంచి ఎకర్ నాణేల మీద అరబ్బీ లిపిలోనే క్రైస్తవ వాక్యాలు వచ్చాయి. కానీ బజారు అంతకు చాలా ముందే తేడా పట్టేసింది. ఆ నకళ్లలో బంగారం తక్కువ. వర్తకులు వాటిని "సూరీ దీనార్లు", అంటే టైర్ నగరపువి, అని విడిగా పిలిచి తక్కువ విలువ కట్టారు. రాతను నకలు చేయవచ్చు, బరువును చేయలేం.

"విలువ బంగారానిదే కదా?"

ఇక్కడ ఎవరైనా అడగవచ్చు: అయితే లోహమే విలువ అన్నమాట, రాత అలంకారమేగా? అలా కూడా కాదు.

1324లో మాలీ రాజు మన్సా మూసా హజ్‌కు వెళ్తూ కైరోలో ఆగాడు. విపరీతంగా బంగారం పంచాడు, ఖర్చు పెట్టాడు. దాదాపు పన్నెండేళ్ల తర్వాత అల్-ఉమరీ రాసిన దాని ప్రకారం, అంతకు ముందు 25 దిర్హంలకు తగ్గని మిస్కాల్ బంగారం ఆ తర్వాత 22 దాటలేదు. బంగారం అదే, స్వచ్ఛత అదే. సరఫరా పెరిగితే విలువ పడిపోయింది. లోహం కూడా ఒక సరుకే.

రాత ఒట్టి అలంకారమైతే, చనిపోయిన ఖలీఫా పేరు ఢిల్లీ నాణేల మీద ఎందుకుంటుంది? 1258లో హులాగూ బాగ్దాద్‌ను కొల్లగొట్టి ఖలీఫా అల్-ముస్తాసిమ్‌ను చంపించాడు. ఆ తర్వాత బల్బన్ నాణేల మీద, జలాలుద్దీన్ ఖిల్జీ (1290-96) నాణేల మీద కూడా ఆ పేరే కొనసాగింది. ఖుత్బా, సిక్కా రెండూ సార్వభౌమత్వ చిహ్నాలు. శుక్రవారం ప్రార్థనలో ఎవరి పేరు చదువుతారో, నాణెం మీద ఎవరి పేరు కొడతారో వాళ్లదే రాజ్యం. కాబట్టి రాతకు పని ఉంది, మతానికీ పాత్ర ఉంది. నేను కాదనేది ఒక్కటే: రాత ఒంటరిగా నాణేన్ని నడపగలదన్న భ్రమను.

రాత పెరిగి, బరువు తగ్గినప్పుడు

ఆ భ్రమకు మూల్యం ఎంతో 1294లో తబ్రీజ్ చూసింది. ఇల్ఖానిద్ పాలకుడు గైఖాతూ ఖజానా ఖాళీ అయ్యాక, చైనా పద్ధతిలో "చావ్" అనే కాగితపు డబ్బు తెచ్చాడు. చైనా గుర్తులతో పాటు కలిమా కూడా దాని మీద అచ్చు వేశారు. వర్తకులు దుకాణాలు మూసేశారు, బజార్లు ఖాళీ అయ్యాయి. కొద్ది వారాల్లోనే దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది.

మూడున్నర దశాబ్దాల తర్వాత, 1329-32 మధ్య, మహమ్మద్ బిన్ తుగ్లక్ ఇత్తడి, రాగి నాణేలకు వెండి టంకా విలువ కట్టాడు. వెండి కొరత ఒక కారణమని చరిత్రకారులు చెబుతారు. ఆ నాణేల మీది రాత చూడండి. సుల్తానుకు విధేయుడైనవాడు దేవునికి విధేయుడైనట్టే అన్న అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. మంచి వెండి టంకా మీద ఇలా బతిమాలాల్సిన పని లేదు. లోహం చెప్పలేని మాటను రాతతో చెప్పించాల్సి వచ్చింది.

ఇంజినీరింగ్ భాషలో చెప్పాలంటే అక్కడ ఆలోచన తప్పు కాదు, డిజైన్‌లో భద్రత లేదు. ఆ నాణేన్ని ఇంట్లో కూర్చుని తయారు చేసుకోవచ్చు. ఇల్లిల్లూ టంకశాల అయిందన్న అర్థంలో బరనీ రాశాడు. నకిలీ నాణెంతో పన్ను కట్టి, అసలు వెండి దాచుకున్నారు. చివరికి తుగ్లక్ వాటిని వెనక్కి తీసుకుని, ఖజానా నుంచి బంగారం, వెండి ఇచ్చాడు. తుగ్లకాబాద్‌లో రాగి నాణేలు గుట్టలు పడ్డాయట. ఒక పిచ్చివాడు చేసే పనేనా ఇది? తన రాతకు తానే నష్టపరిహారం కట్టిన పాలకుడు కూడా అందులో కనబడతాడు. నా టెస్ట్ పేపర్ మీది ఎర్ర ఇంకు ప్రశ్నకు జవాబు ఇదే. జనం సుల్తానును నమ్మకపోవడం కాదు, ఏది సుల్తాను నాణెమో ఏది పక్కింటివాడి నాణెమో తేల్చుకునే గాజుబిళ్ల వాళ్లకు లేదు.

కైరోలో అల్-మఖ్రీజీ (1364-1442) ఇదే జబ్బును ఇంకో రూపంలో చూశాడు. ఆయన కొంతకాలం ముహ్తసిబ్, అంటే బజారును తనిఖీ చేసే అధికారి. కరువు, ధరల మీద 1405లో రాసిన గ్రంథంలో ఆయన నైలు వరదను ఒక్కదాన్నే తప్పు పట్టలేదు. లంచాలతో పదవులు కొనుక్కున్న అధికారులను, అడ్డూ అదుపూ లేకుండా ముద్రించిన రాగి ఫులూస్‌ను కూడా నిందించాడు. నాణెం పతనానికి, పాలన పతనానికి ముడి ఉందని చెప్పిన ఈ మాట జీఎస్-4 ఎథిక్స్ పేపర్లో కూడా పనికొస్తుంది.

దక్కన్‌లో ఒక గొడవ

తుగ్లక్ కాలపు నాణేల మీద "ముల్క్-ఇ-తిలంగ్" అన్న పేరు కనిపిస్తుంది. మన నేల ఆ వ్యవస్థలోకి వచ్చిన గుర్తు అది. ఆ తర్వాతి కథ ఇంకా ఆసక్తికరం. 1347లో బహమనీ రాజ్యం ఏర్పడింది. రెండో సుల్తాన్ మహమ్మద్ షా I (1358-75) తన పేరుతో బంగారు నాణేలు వేయిస్తే, స్థానిక షరాబులు వాటిని కరిగించేసేవారని ఫెరిష్తా రాశాడు. విజయనగర, వరంగల్ పాలకుల ప్రోద్బలంతో, తమకు అలవాటైన హొన్నులే చలామణిలో ఉండాలని వాళ్లు అలా చేశారట. సుల్తాన్ మరణశిక్షలు వేసి, ఢిల్లీ వైపు నుంచి వచ్చిన ఖత్రీలకు ఆ పని అప్పగించాడని ఆయన కథనం.

ఫెరిష్తా ఈ ఘటన జరిగిన దాదాపు రెండున్నర శతాబ్దాల తర్వాత, సుల్తానుల ఆశ్రయంలో ఉండి రాశాడు. కాబట్టి అది కుట్రా, లేక వ్యాపారమా అన్నది ఆయన మాట మీద తేల్చకండి. మంచి బంగారం దొరికితే కరిగించడం షరాబుకు లాభసాటి కూడా కావచ్చు. ఏదేమైనా, కొత్త రాజ్యం నాణేన్ని పాత బజారు పరీక్షించడం ఇక్కడ కూడా కనిపిస్తుంది. ముఆవియాకు ఎదురైన పరీక్షే, దక్కన్‌లో.

ఇది మనకెందుకు?

మా ఊళ్లో మా నాన్న పట్టాదారు పాస్‌బుక్ తీసుకుని అప్పు కోసం ఒక బ్యాంకుకు వెళ్లాడు. పాస్‌బుక్ మీద ముద్ర ఉంది, సంతకం ఉంది. కంప్యూటర్ రికార్డులో మాత్రం సర్వే నంబర్ వేరే ఉంది. అప్పు రాలేదు. దాన్ని సరిచేయించడానికి ఆయన ఎన్నిసార్లు తిరిగాడో నేను లెక్క పెట్టలేదు, ఆయనా చెప్పలేదు. ముద్ర అసలైనదే. దాని వెనక ఉండాల్సిన బరువు లేదు. ఆ పాస్‌బుక్ మా నాన్న చేతిలో తుగ్లక్ టంకా అయింది.

మనం చదువుతున్నది రేపు అలాంటి ముద్ర వేసే కుర్చీలో కూర్చోవడానికి. అందుకే నాణేల పాఠం నాకు కళా సంస్కృతి సిలబస్‌లో ఒక చిన్న అంశంగా అనిపించడం మానేసింది. ప్రభుత్వం మాట ఎప్పుడు చెల్లుతుంది, ఎప్పుడు చెల్లదు అన్న ప్రశ్నకు వెయ్యేళ్ల ప్రయోగ ఫలితాలు అందులో ఉన్నాయి.

ఆన్సర్ రాసేటప్పుడు ఏ నాణెం గురించైనా నాలుగు ప్రశ్నలు వేసుకోండి. దాని మీద ఎవరి పేరు, ఏ భాషలో ఉంది? దాని బరువు, స్వచ్ఛత పాతదానితో పోలిస్తే ఎలా ఉన్నాయి? అసలుకీ నకిలీకీ తేడా మామూలు మనిషి ఎలా పట్టుకుంటాడు? ఖజానా దాన్ని తిరిగి తీసుకుంటుందా? ఈ నాలుగింటికీ జవాబు రాస్తే మీ ఆన్సర్ "వేశాడు, విఫలమయ్యాడు" దగ్గర ఆగిపోదు.

చివరగా ఒక మాట. మనం రోజూ వాడే "నగదు" అరబ్బీ "నఖ్ద్" నుంచి వచ్చింది. ఆ ధాతువుకు నాణేన్ని పరీక్షించి మంచీ చెడూ వేరు చేయడం అన్న అర్థం ఉంది. అరబ్బీలో సాహిత్య విమర్శకు కూడా అదే మాట. "షరాబు" కూడా అక్కడి "సర్రాఫ్" నుంచి వచ్చినవాడే, నాణేలను పరీక్షించి మార్చడమే అతని వృత్తి. మన టీ కొట్టతను ఆ వృత్తిలోనే ఉన్నాడని ఇప్పుడు నాకు అర్థమైంది. అతనితో వాదించడం మానేశాను. పది రూపాయల నాణేలు మాత్రం ఇంకా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను, ఎప్పటికైనా తీసుకుంటాడేమోనని.

సాధన ప్రశ్న (250 పదాలు, 15 మార్కులు): "మధ్యయుగంలో నాణెం సార్వభౌమత్వ ప్రకటన మాత్రమే కాదు, పాలకుడి విశ్వసనీయతకు పరీక్ష కూడా." అబ్దుల్ మలిక్, మహమ్మద్ బిన్ తుగ్లక్‌ల నాణేల సంస్కరణలను పోలుస్తూ చర్చించండి.